రెండు వ్యాసాలు, ఒక చేతిరాత

ఒకప్పుడు ఆదిభట్ల రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో ఒక మామూలు పల్లె. తరువాత అది పురపాలక సంఘమైంది. ఊరి పొలిమేరల్లో టీసీఎస్ వారి ప్రాంగణం, విమాన భాగాలు తయారుచేసే టాటా వారి కర్మాగారాలు వెలిశాయి. సి-130జె రవాణా విమానపు తోకభాగాలు ఇక్కడ తయారై సముద్రాలు దాటి వెళ్తాయి. అపాచీ హెలికాప్టరు మొండెం తయారీకి టాటాలూ బోయింగు వారూ కలిసి పెట్టిన కర్మాగారం 2018లో ప్రారంభమైంది. ఇటు నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకొని పోతే, 2001లో మొదలైన సి.వి.ఆర్. కాలేజీతో సహా ఎన్నో ఇంజనీరింగు కాలేజీలు కనబడతాయి. పొద్దున్నే ఆ దారిన వరుసగా సాగే కాలేజీ బస్సుల్లోని పిల్లల్లో అమెరికా ఆలోచన లేనివారు తక్కువ. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుకొన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేడు మనవాళ్ళు చైనావాళ్ళను దాటి మొదటి స్థానానికి వచ్చారు. ఆ లెక్కలో తెలుగువారి పాలు పెద్దదేనని వేరే చెప్పనక్కరలేదు.

అలా బయలుదేరే పిల్లవాడు కొన్ని నెలల వ్యవధిలో రెండు వ్యాసాలు రాయవలసి వస్తుంది. మొదటిది జీఆర్‌ఈ పరీక్షలో. అపరిచితమైన గది, ఎదురుగా కంప్యూటరు, తలపైన కెమెరా, ముప్ఫయి నిమిషాలు. విషయం వాళ్ళిస్తారు. రెండవది దరఖాస్తుతో పాటు పంపే ఎస్‌ఓపీ, అంటే తన చదువు ఉద్దేశాన్ని తెలిపే స్వీయ ప్రకటన. దానికి గదీ లేదు, కాపలా లేదు, గడియారమూ లేదు. విషయం తానే.

ఒకే చేయి రాయవలసిన ఈ రెండింటికీ చుట్టరికం ఏమిటి? పైకి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. ఒకటి మార్కుల కోసం, ఒకటి మనిషి కోసం. కానీ చరిత్ర తిరగేస్తే ఇవి ఒకదాని లోపాన్ని ఒకటి సరిదిద్దడానికి పుట్టి, ఒకదానికొకటి కాపలా కాస్తూ వచ్చిన జంట అని తెలుస్తుంది. ఆ జంట ఈ మధ్యనే విడిపోతున్నది. ఆ విడిపోవడంవల్ల నష్టపోయేది ఎవరన్నదే ఈ టపాలో నేను చెప్పదలచుకొన్నది.

పరీక్షలో వ్యాసం: దిద్దేవాడి కళ్ళు

వ్యాసం అన్న ప్రక్రియ మనకు పత్రికల ద్వారానూ, బడి ద్వారానూ వచ్చింది. 1862లో అచ్చయిన 'హితసూచని'లో సామినేని ముద్దునరసింహం నాయుడు తన రచనలను ప్రమేయాలన్నాడు. కందుకూరి వీరేశలింగం తనవాటిని ఉపన్యాసాలన్నాడు. వ్యాసమన్న పేరు తరువాత స్థిరపడింది. అయితే పేరు స్థిరపడక ముందే అది పరీక్షలోకి దూరింది. దేశాన్ని ఏలే ఉద్యోగులను సిఫారసులతో కాక పోటీపరీక్షతో ఎంచాలని ఆంగ్లేయులు నిశ్చయించుకొని, 1855లో సివిల్ సర్వీసు పరీక్ష పెట్టినప్పుడు అందులో ఇంగ్లీషు రచనకు చోటిచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. క్రమంగా 'కాంపోజిషన్' అన్న మాట మన బడిపిల్లల నోళ్ళలోకి వచ్చింది.

తెలుగు కాంపోజిషన్ పరీక్షలోకి రాగానే ఒక చిక్కు ప్రశ్న లేచింది. పిల్లవాడు ఏ తెలుగులో రాస్తే మార్కులు వేయాలి? 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. 1913లో గిడుగు రామమూర్తి వాడుకభాష పక్షాన తన మెమొరాండం వెలువరించాడు. అదే ఏడు జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన కాంపోజిషన్ సంఘంలో మెజారిటీ అభిప్రాయాన్ని ఒప్పుకోక, గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. భాషాచరిత్రలో దీన్ని గ్రాంథిక వ్యావహారిక వివాదమని చదువుకొంటాం. కానీ ఆ పోరాటానికి రణరంగం కావ్యం కాదు, నాటకం కాదు. బడిపిల్లవాడి పరీక్ష పేపరు! పదిహేనేళ్ళ పిల్లవాడు తాను మాట్లాడే భాషలో ఆలోచన చెబితే తప్పా, కాదా అన్నదే అసలు తగాదా. పరీక్షలో అప్పటికి గ్రాంథికానిదే పైచేయి అయింది. వాడుకభాషకు విద్యాలయాల్లో గౌరవం దక్కడానికి దశాబ్దాలు పట్టింది.

ఇక ఆదిభట్ల ఆనాడు నిజాము రాజ్యంలోది. ఇక్కడి పిల్లవాడికి గ్రాంథికమా వ్యావహారికమా అన్న సందేహం కలిగే అదృష్టం కూడా లేదు. పై చదువు ఉర్దూలో. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాష అదే. 1921లో హైదరాబాదులో వివేకవర్ధినీ భవనంలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తన మాటలో తన సంగతి చెప్పుకోవడం ఈ నేలమీద ఎంత ఖరీదైన విషయమో గుర్తుపెట్టుకోవడానికే ఈ ప్రస్తావన. మళ్ళీ దీనితో పని పడుతుంది.

సరిగ్గా మనవాళ్ళు కాంపోజిషన్ గురించి తలలు బద్దలు కొట్టుకొంటున్న రోజుల్లోనే, 1912లో, అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం చేశారు. ఇద్దరు విద్యార్థుల ఇంగ్లీషు పేపర్లకు నకళ్ళు తీయించి నూటనలభైకి పైగా బడుల ఉపాధ్యాయులకు పంపి దిద్దమన్నారు. నూటికి ఒక పేపరుకు 64 నుంచి 98 వరకూ, మరొక పేపరుకు 50 నుంచి 97 వరకూ మార్కులు వచ్చాయి. అవే అక్షరాలు. మారింది కళ్ళే. అర్ధశతాబ్దం తరువాత 1961లో 300 వ్యాసాలను 53 మందికిచ్చి తొమ్మిది శ్రేణులుగా విడదీయమంటే, వాటిలో 101 వ్యాసాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని శ్రేణులూ పడ్డాయి! మన మద్రాసు తగాదాలో పైకి భాష పేరు వినబడింది కానీ, లోపలున్న జబ్బు ఇదే. వ్యాసానికి మార్కు రాసినవాడి చేతిలో సగం, దిద్దేవాడి కళ్ళలో సగం.

దరఖాస్తులో వ్యాసం: పుట్టుకలోని మచ్చ

ఈ జబ్బుకు అమెరికా వెతికిన మందు వ్యాసాన్నే తీసివేయడం. 1900లో ఏర్పడిన కాలేజీ బోర్డు 1901 జూన్‌లో మొదటిసారి ప్రవేశపరీక్షలు జరిపినప్పుడు 973 మంది కూర్చున్నారు. అవి వివరంగా జవాబులు రాసే పరీక్షలు. 1926 జూన్ 23న 8,040 మంది శాట్ అనే కొత్తరకం పరీక్ష రాశారు. రాశారనడం కన్నా గుర్తులు పెట్టారనడం సబబు. యుద్ధం వచ్చి కాలేజీలు తొందరపడవలసి రావడంతో 1942లో పాత వ్యాసపరీక్షలు మూలపడ్డాయి.

వ్యాసం పరీక్షగది నుంచి వెళ్ళిపోతున్న కాలంలోనే దరఖాస్తు ఫారంలోకి మరొక దారిన ప్రవేశించింది. ఆ దారి మంచిదేమీ కాదు. పరీక్షల్లో బాగా మార్కులు తెచ్చుకొంటున్న యూదుల పిల్లలు తూర్పుతీరపు పెద్ద కాలేజీల్లో పెరిగిపోతున్నారని అక్కడి పెద్దలకు దిగులు పట్టుకొంది. 1919 ప్రాంతంలో కొలంబియా, 1922లో హార్వర్డు తమ దరఖాస్తుల్లో మతం, తండ్రి పుట్టిన చోటు వంటి వివరాలు అడగసాగాయి. తండ్రీకొడుకుల్లో ఎవరైనా పేరు మార్చుకొన్నారా అని కూడా హార్వర్డు ఆరా తీసింది. మార్కులొక్కటే చాలవు, శీలం చూడాలి, వ్యక్తిత్వం చూడాలి అన్నారు. ఆ మాట చాటున ఫోటోలు, సిఫారసు లేఖలు, ముఖాముఖీలు, తన గురించి తాను రాసుకొనే రాతలు వచ్చి చేరాయి. జెరోమ్ కారబెల్ 2005లో ప్రచురించిన 'ది చోజన్' అన్న బృహద్గ్రంథంలో ఈ కథంతా ఉంది.

మన యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టనులో దిగి హార్వర్డు ఉష్ణమండల వైద్యవిద్యాలయంలో చేరింది ఈ రోజుల్లోనే. ఆయన వెళ్ళింది వైద్యశాఖకు కాబట్టి ఈ తగాదాలతో ఆయనకు సంబంధం లేదు. అయినా ఒకే విశ్వవిద్యాలయపు ఒక వాకిలి ఒకరికి తెరుచుకొంటూ, ఇంకొక వాకిలి ఇంకొకరికి మూసుకొంటూ ఉండడం చరిత్రలో ఉండే వింత.

పుట్టుక ఎలాంటిదైనా దరఖాస్తు వ్యాసం తరువాత మంచి పనులు కూడా చేసింది. 1975లో పదిహేను ప్రైవేటు కాలేజీలు కలిసి ఉమ్మడి దరఖాస్తు పద్ధతి పెట్టుకొన్నాక అది అందరికీ మామూలైంది. అంకెల్లో ఇమడని పిల్లవాడు, చదువుకోని ఇంటినుంచి వచ్చినవాడు, పని చేస్తూ చదివినవాడు తన గొంతు వినిపించుకోవడానికి అదొక్కటే కిటికీ. పైచదువులకు అడిగే ఎస్‌ఓపీ దీనికి వేలువిడిచిన తమ్ముడి వంటిది. అందులో జీవితకథ తక్కువ, చదువు లక్ష్యం ఎక్కువ. అయినా అడిగేది ఒకటే: నువ్వెవరు? ఎందుకు వస్తున్నావు?

కాపలాదారు రాక

వెలిసిన నాటినుంచీ దరఖాస్తు వ్యాసాన్ని ఒక అనుమానం వెంటాడుతూ ఉంది. ఇది నిజంగా ఈ పిల్లవాడే రాశాడా? నాన్న రాశాడా, పంతులు రాశాడా, కూలికి ఎవరైనా రాశారా?

జవాబు పరీక్షగదిలోనే దొరికింది. 1960లో కాలేజీ బోర్డు ఒక గంట వ్యాసం పెట్టింది. విచిత్రమేమంటే దానికి మార్కుల్లేవు. రాసిన కాగితాన్ని ఉన్నదున్నట్టు కాలేజీలకు పంపేవారు, చదువుకొని మీరే తేల్చుకోండి అని. న్యాయవిద్య ప్రవేశపరీక్ష ఎల్‌శాట్ 1982 నుంచి ఇదే పద్ధతి పట్టింది. అక్కడి వ్యాసానికి మార్కు ఉండదు, నకలు మాత్రం ప్రతి లా కాలేజీకీ పోతుంది. ఇక్కడ వ్యాసపరీక్ష ఉద్యోగమే మారిపోయింది. అది కొలబద్ద కాదు, కాపలాదారు. ఇంటిదగ్గర తీరిగ్గా రాసిన వ్యాసం పక్కన, కాపలాలో రాసిన వ్యాసం పెట్టి చూస్తే చేతిరాత కలిసిందో లేదో తెలుస్తుంది కదా!

ఆ తరువాత మార్కులతో కూడిన వ్యాసాలు ఒక్కొక్కటే వచ్చాయి. విదేశీ విద్యార్థులకోసం టోఫెల్‌కు అనుబంధంగా 1986లో, జీమ్యాట్‌లో 1994లో, శాట్‌లో 2005లో. జీఆర్‌ఈలో 1999లో విడిపరీక్షగా మొదలై, 2002 అక్టోబరులో అసలు పరీక్షలో భాగమైంది. అప్పుడు రెండు వ్యాసాలుండేవి. ఒకటి ఇచ్చిన అంశంపై మన అభిప్రాయం చెప్పడానికి, మరొకటి ఎవరో చేసిన వాదంలోని లొసుగులు పట్టడానికి. మార్కు సున్నా నుంచి ఆరు. శాట్, జీమ్యాట్, జీఆర్‌ఈ మూడింటిలోనూ మార్కుతోపాటు వ్యాసం పాఠం కూడా కాలేజీలు చూసుకొనే వీలు కల్పించారు. అనగా కొలబద్దా, కాపలా రెండూ ఒకే మనిషికి అప్పగించారన్నమాట.

రెండు పనులు చేసేవాడు రెండింటినీ సగమే చేస్తాడు. లక్షల వ్యాసాలు దిద్దాలంటే ఒక మూస కావాలి. మూస ఉందని తెలిస్తే పిల్లలు మూసలోనే పోస్తారు. 1999లో జీమ్యాట్ వ్యాసాలకు మనిషితోపాటు యంత్రం చేత కూడా మార్కులు వేయించడం మొదలైంది. 2005లో శాట్ వ్యాసం రాగానే ఎంఐటీలో రచన బోధించే లెస్ పెరెల్మన్ నమూనా వ్యాసాలు తీసి చూశాడు. పొడవు పెరిగిన కొద్దీ మార్కు పెరుగుతున్నదని, దూరంనుంచి చూసినా మార్కు చెప్పవచ్చునని తేల్చాడు. 2014లో ఆయన, తన విద్యార్థులతో కలిసి, అర్థం లేని వాక్యాలను బరువైన పదాలతో కూర్చే ఒక కంప్యూటరు ప్రోగ్రాము తయారుచేశాడు. దిద్దే యంత్రాలు ఆ వ్యాసాలకు మంచి మార్కులు వేశాయి.

మన పిల్లలు, మన ఆవు

ఇప్పుడు మన కాలేజీ బస్సులోని పిల్లవాడి దగ్గరకు వద్దాం. వీడికి వ్యాసమంటే ఏమిటో ఎవరు నేర్పారు?

బడిలో ఆవు వ్యాసం నేర్పారు. 'ఆవు సాధు జంతువు' దగ్గర మొదలై, చెట్టు గురించి అడిగినా ఆవును తెచ్చి ఆ చెట్టుకు కట్టేసి మళ్ళీ ఆవు గురించే రాసే కుర్రవాడి కథ మనందరికీ తెలిసిందే. నవ్వుకొంటాం గానీ అది వాడి తప్పు కాదు. దిద్దేవాడికి కావలసింది మూస. వాడు మూసనే ఇచ్చాడు. చైనా రాజోద్యోగ పరీక్షల్లో వందల ఏళ్ళు సాగిన ఎనిమిదికాళ్ళ వ్యాసం కథా ఇదే. 1905లో ఆ పరీక్షలే రద్దయ్యాయి. అంత పెద్ద మూస ముందు మన ఆవు నాలుగుకాళ్ళది మాత్రమే.

బడి దాటాక ఆవు కూడా మాయమైంది. 1986లో ఎంసెట్ వచ్చింది. ఇంజనీరు కాదలచినవాడి భవిష్యత్తు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచడం మీద ఆధారపడింది. లంచాలకూ సిఫారసులకూ తావులేని పద్ధతి, పేదపిల్లలకు మేలు చేసిన పద్ధతి. ఆ సంగతి కాదనలేం. అయితే ఇంటర్మీడియట్ రెండేళ్ళూ పొద్దున్నుంచి రాత్రిదాకా దానికే చదివిన పిల్లవాడు, సొంతంగా ఒక పేరా రాయవలసిన అవసరం లేకుండానే ఇంజనీరైపోగలడు. సివిల్ సర్వీసువారికి ఈ లోటు తెలిసి 1993లో వ్యాసానికి విడిగా ఒక పేపరు పెట్టారు. ఇంజనీరుకు అలాంటి పేపరు ఎవరూ పెట్టలేదు.

ఇరవైయొకటో ఏట హఠాత్తుగా వీడిని నీ గురించి వెయ్యి మాటలు రాయమంటే ఏం చేస్తాడు? దిల్‌సుఖ్‌నగర్‌కో, అమీర్‌పేటకో వెళ్తాడు. అక్కడ సీనియర్లిచ్చిన ఎస్‌ఓపీలు దొరుకుతాయి. చిన్నప్పుడు విప్పి చూసిన రేడియో, మొదటి కంప్యూటరు చూసినప్పటి ఆశ్చర్యం, ఒక మహానుభావుడి సూక్తి, కాలేజీలో కట్టిన ప్రాజెక్టు, చివర ఆ విశ్వవిద్యాలయపు కీర్తి. పేర్లు మార్చితే చాలు. జీఆర్‌ఈ వ్యాసానికీ ఇదే తంతు. ఈటీఎస్ వారు విషయాల జాబితాను ముందే బహిరంగంగా పెట్టారు. దానివెంట నమూనా వ్యాసాల పుస్తకాలు వచ్చాయి. ఇంజనీరింగు విభాగాలవారు ఆ మార్కు చూడరన్న ప్రచారం ఉండనే ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసింది ఒకటుంది. పరీక్ష వ్యాసం మూసలో ఉంటే పెద్ద నేరం లేదు. అది ఆదిభట్లలో తయారయ్యే విమానభాగం వంటిది. వెయ్యోది మొదటిదానికి వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటేనే ఎగురుతుంది. దరఖాస్తు వ్యాసం అలా కాదు. వెయ్యోది మొదటిదానిలా ఉంటే అది చెత్తబుట్టకు పోతుంది. మన పిల్లవాడు మొదటి వ్యాసపు పనిముట్లతో రెండవ వ్యాసం చేశాడు. వాడికి నేర్పిన పనిముట్లు అవే మరి. పైగా ఇందులో దొంగతనం ఉందని కూడా వాడికి తోచదు. బడిలో గైడు చూసి రాయడం చదువే అయినప్పుడు, ఎస్‌ఓపీ చూసి రాయడం తప్పెలా అవుతుంది?

కాపలా మానిపించిన కాలం

దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరగడం మన సామెత. ఇక్కడ జరిగింది అంతకంటే వింత. దొంగలు పడ్డాక కుక్కను వదిలించుకొన్నారు.

శాట్ వ్యాసం 2016లో ఐచ్ఛికమై, 2021 జూన్‌తో దాదాపుగా అంతరించింది. 2020 మహమ్మారి తరువాత చాలా విశ్వవిద్యాలయాలు జీఆర్‌ఈనే అడగడం మానాయి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ లోకంలోకి వచ్చింది. ఎవరికైనా, ఏ విషయం మీదైనా, ఇంగ్లీషులో తప్పుల్లేని వ్యాసం క్షణాల్లో రాసిపెట్టే యంత్రం. మరుసటి ఏడు, 2023 జులైలో, టోఫెల్ తన ముప్ఫయి నిమిషాల స్వతంత్ర వ్యాసాన్ని తీసి పదినిమిషాల చిన్న రాత పెట్టింది. సెప్టెంబరులో జీఆర్‌ఈ రెండు వ్యాసాల్లో ఒకటి తీసేసింది. నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో వ్యాసమే లేదు. కారణం యంత్రం కాదు, పరీక్షలను కుదించాలన్న వ్యాపారపు పోటీ. దాదాపు నాలుగు గంటల జీఆర్‌ఈ రెండు గంటల లోపుకు దిగింది. అయినా ఫలితం ఫలితమే. ఇంటివ్యాసం పక్కన పెట్టి పోల్చి చూడడానికి గదివ్యాసం లేకపోవడమో, ఒక్కటే మిగలడమో జరిగింది.

అదే 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డు కేసులో జాతిని బట్టి ప్రవేశాలివ్వడాన్ని కొట్టేసింది. అయితే తన జాతి తన బతుకును ఎలా తీర్చిందో విద్యార్థి వ్యాసంలో రాసుకొంటే చదవడానికి అడ్డు లేదని కూడా తీర్పులో ఉంది. శతాబ్దం కింద యూదులను బయట ఉంచడానికి తెచ్చిన సాధనం మీద ఇప్పుడు అంత బరువు పడింది. నమ్మకం తగ్గిన క్షణంలోనే భారం పెరిగింది. 2024లో డ్యూక్ విశ్వవిద్యాలయం దరఖాస్తు వ్యాసాలకు అంకెల్లో విలువ కట్టడం మానేసింది. అందులో కనిపించే రచనాశక్తి విద్యార్థిదేనని ఇక అనుకోలేమన్నారు అక్కడివారు. ప్రిన్స్‌టన్ వంటిచోట బడిలో ఉపాధ్యాయుడు దిద్దిన నిజమైన పేపరు ఒకటి పంపమంటున్నారు. కాపలాదారును మళ్ళీ వెతుక్కొంటున్నారన్నమాట.

నష్టం ఎవరికి?

కొని రాయించుకొనేవాడికి ఈ మార్పువల్ల పెద్ద నష్టం లేదు. వాడికి ఖర్చు తగ్గింది. నష్టమల్లా తన వ్యాసం తానే రాసుకొన్న పిల్లవాడికి. ఇన్నాళ్ళూ కనీసం పరీక్షగదిలోని వ్యాసం వాడి పక్షాన సాక్ష్యం చెప్పేది. ఇంగ్లీషు కాస్త తడబడినా ఇది వీడి మాటే అనేది. ఆ సాక్షి బలహీనపడ్డాక, నున్నగా ఉన్న వ్యాసాన్ని యంత్రమని, గరుకుగా ఉన్నదాన్ని చేతకానితనమని అనుమానిస్తారు. ఆదిభట్ల వంటి ఊళ్ళనుంచి, ఇంటిలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడికి ఈ రెంటి మధ్య నిలబడే చోటు చాలా ఇరుకు.

మరి చేయగలిగిందేమిటి? పరీక్షలు పెట్టేవారిని మనం శాసించలేం. కానీ 1914లో గురజాడ, గిడుగు అడిగిన ప్రశ్న మన చేతిలోనే ఉంది. పిల్లవాడు తాను ఆలోచించే భాషలో రాయవచ్చా? నా మటుకు ఎస్‌ఓపీ మొదటి ప్రతి తెలుగులో రాయాలి. తెలుగులో అనగా గైడు తెలుగులో కాదు, అమ్మతో మాట్లాడే తెలుగులో. అలా రాస్తే రేడియో విప్పిన కథ రాదు. ఆ కథకు తెలుగులో ఒంట్లో జీవం ఉండదు. దాని బదులు ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఏ ఏడు నిండిందో, ఏ ఏడు ఎండిందో వస్తుంది. పొలం పోయినచోట కర్మాగారం గేటు లేవడం, ఆ గేటులోపలికి మొదటిసారి పనికి వెళ్ళిన పక్కింటి అన్న, లోపల యంత్రాల గురించి అతను చెప్పిన మాటలు వస్తాయి. అవి ఏ సీనియరు ఎస్‌ఓపీలోనూ ఉండవు. తరువాత ఇంగ్లీషులోకి మార్చుకోవడం చిన్నపని.

మిత్రులారా, తెలుగులో రాయడం అంతర్జాలంలో సాధ్యమేనా అని అందరూ సందేహించిన రోజుల్లో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని టపాలు రాసినవాళ్ళం మనం. మార్కులు వేసేవాడు లేడు, మూస ఇచ్చినవాడు లేడు. చెప్పవలసింది ఉంది కాబట్టి చెప్పాం. మన ఇళ్ళలో, మన వీధుల్లో ఇప్పుడు ఇరవయ్యేళ్ళ పిల్లలు ఉన్నారు. ఎస్‌ఓపీ దిద్దిపెట్టమని వాళ్ళు మీ దగ్గరకు వచ్చినప్పుడు కామాలు, స్పెల్లింగులు తరువాత చూడవచ్చు. ముందు ఆ కాగితం పక్కనపెట్టి, నీ సంగతేమిటో చెప్పరా అని అడగండి. వాడు చెబుతుంటే మధ్యలో అడ్డురాకుండా వినండి. ఆ మాటల్లోనే వాడి వ్యాసం ఉంటుంది.